పేరు చెప్పని పసరు

ఇది రాయడానికి నాకు ఇరవై రోజులు పట్టింది. అర పేజీ రాసేసరికి మోచేయి నుంచి భుజం దాకా బరువెక్కుతుంది. కలం పక్కన పెట్టి పడుకోవలసిందే. చదివేవాళ్ళలో నాలాంటి అలసట జబ్బు ఉన్నవాళ్ళెవరైనా ఉంటే మీరూ మధ్యలో ఆపి పడుకోండి, నేనేమీ అనుకోను. ఘోరం గడిచిపోయింది కాబట్టే రాయగలుగుతున్నాను. జబ్బు మాత్రం పూర్తిగా పోలేదు. ఆ మాట ముందే చెప్పేస్తే ఒక పని అయిపోతుంది. చివర్లో ఏదో మహిమ జరుగుతుందని ఎవరూ ఎదురుచూడరు.

నా పేరు ఓబులేసు. ముదిగుబ్బకు నాలుగు మైళ్ళ ఇవతల మా ఊరు. ఊళ్ళో ఉన్న చిన్న పోస్టాఫీసులో ఉత్తరాలు పంచే పని నాది. సైకిలు మీద ఐదు ఊర్లు తిరిగేవాణ్ణి. ఇంట్లో నేను, అమ్మ, నా భార్య సరోజ. నాయన నాకు ఆరేళ్ళప్పుడే పోయాడు. అమ్మ మేకలు మేపి, కూలికి పోయి నన్ను పెంచింది. సరోజ మా మేనమామ కూతురే. పదో తరగతి దాకా చదివింది.

1998 శ్రావణంలో నాకు జ్వరం వచ్చింది. టైఫాయిడ్ అన్నారు. మూడు వారాలకు జ్వరం దిగింది, నేను మాత్రం మంచం దిగలేదు. దిగిన రోజున చెంబెడు నీళ్ళు ఎత్తితే చేతులు వణికాయి. నీరసం కదా, నెలకు తగ్గుతుందిలే అన్నారు. నెల గడిచింది, ఆరు నెలలు గడిచాయి. పక్క ఊరికి సైకిలు తొక్కి వస్తే తర్వాత రెండు రోజులు కదల్లేకపోయేవాణ్ణి. పని చేసి అలసినవాడు పడుకుంటే తెల్లారేసరికి లేస్తాడు. నేను పడుకుని లేచేసరికి పడుకోకముందు కంటే ఎక్కువ అలసిపోయి ఉండేవాణ్ణి. దానికి తోడు ఊళ్ళో ఎవరు తుమ్మినా నాకు జలుబు చేసేది. వచ్చిన జలుబు ఇరవై రోజులు చుట్టం మాదిరి ఉండిపోయేది.

సూదులు వేయించుకున్నాను. బలం మాత్రలు మింగాను. రక్తం తీసి చూసి ‘ఏమీ లేదు’ అన్నారు. రోగికి ఇంతకంటే చెడ్డ మాట ఇంకొకటి లేదు. ఏదో ఒకటి ఉందంటే దానికి పేరుంటుంది, మందు ఉంటుంది, నలుగురూ అయ్యో అంటారు. ఏమీ లేదంటే ఇక మిగిలేది సోమరితనమే.

1999 ఉగాది నాటికి సరోజ ఉత్తరాల సంచీ భుజాన వేసుకుంది. నా బదులు మనిషిని పెట్టుకోవడానికి పోస్టుమాస్టరు ఒప్పుకున్నాడు. సరోజకు సైకిలు రాదు. ఐదు ఊర్లూ నడిచేది. నేను అరుగు మీద గోడకు ఆనుకుని కూర్చునేవాణ్ణి. దారిన పోయేవాళ్ళు ఊరుకుంటారా?

“ఏమప్పా ఓబులేసూ, పెండ్లాము ఊర్లు తిరగతాంటే నువ్వు అరుగు కాపలా కాస్తాండావా?”

నవ్వేవాణ్ణి. లోపల కడుపు మండిపోయేది. ఆ మంట సరోజ మీద చూపించేవాణ్ణి. ఒక మధ్యాహ్నం ఆమె తిరిగొచ్చి, కాళ్ళు కూడా కడుక్కోకుండా నాకు సంగటి పెట్టింది. ఆమె ఒక ఊరి ఉత్తరం ఇంకో ఊరి కట్టలో పెట్టినందుకు ఆ సంగటి తట్టను విసిరికొట్టాను. తట్ట విసరడానికి మాత్రం నాకు బలం వచ్చింది. ఆమె నేల తుడిచింది. ఆ పని తలుచుకుంటే నాకు ఇప్పటికీ సిగ్గేస్తుంది.

అత్తాకోడళ్ళ మధ్య కూడా మాటలు తగ్గిపోయాయి. అమ్మ నాతో అనేది: “నీ పెండ్లానికి ఊర్లు తిరగడం మరిగింది. నీకు బాగు కావాలని యాడుంటాది దానికి?” సరోజ నాతో అనేది: “మీ అమ్మ నిన్ను పురిటి బిడ్డ మాదిరి పండబెట్టింది. ఇంగ యట్ల లేస్తావు?” ఇద్దరూ నాతోనే చెప్పేవారు. ఒకరితో ఒకరు అనుకునేవారు కారు.

ఆ ఏడు హస్త కార్తెలో మంచి వాన పడింది. మా వైపు ఏడాదిలో పది నెలలు నేల ఎర్రగా, ఎండి ఉంటుంది. హస్త, చిత్త వానలు పడితే మాత్రం శనక్కాయ చేలల్లో, గట్ల మీద ఎవరూ విత్తని ఆకుకూరలు మొలుచుకొస్తాయి. గురుగు, దొగ్గలి, చెంచలి, పొన్నగంటి, తుమ్మి. అన్నీ కలిపి కందిపప్పులో ఉడికించి, పప్పుగుత్తితో మెత్తగా ఎనిపి, సంగటిలోకి తింటాం. హస్త వానకు మొలిచిన ఆకు తింటే ఏడాది పొడుగునా ఒంటికి రోగాన్ని తట్టుకునే బలం ఉంటుందని అమ్మ నమ్మకం. ఆ ఆకు కోసమే మొదటిసారి నన్ను చేను గట్టు దాకా నడిపించింది. యాభై అడుగులు వేసి కూర్చున్నాను. ఆమె కొంగులో ఆకు కోస్తుంటే నేను కూర్చున్న చోట చేతికి అందిన గురుగు తుంచి ఇచ్చాను. ఉగాది తర్వాత నేను చేసిన మొదటి పని అది. పదిహేను రోజులు అలా గడిచాయి. నోటికి రుచి తెలిసింది. నడక నూరు అడుగులకు పెరిగింది. అక్కడితో ఆగి ఉంటే ఈ కథ రాయవలసిన పని ఉండేది కాదు.

ఒక పొద్దున అంబలి చేదుగా ఉంది.

“ఏమి కలిపినావమ్మా?”

“తాగు. పేరు అడగగూడదు.”

మా వైపు నాటు మందుకు ఒక కట్టు ఉంది. ఇచ్చేవాళ్ళు ఆకు పేరు చెప్పకూడదు, తాగేవాడు అడగకూడదు. మూడో మనిషి చెవిన పడితే మందు గుణం పోతుంది. కోయడానికి పోయేటప్పుడు ఎవరైనా ఎదురొచ్చి పలకరిస్తే ఆ రోజుకు ఉత్త చేతులతో తిరిగి రావాలి. మేకలు మేపుకునే తిప్పన్న అనే ఆయన అమ్మకు కొండ దగ్గర ఆ ఆకు చూపించి, నలభై రోజులు తాపమన్నాడట. అంత మాత్రమే చెప్పింది. నేను చదువుకున్నవాణ్ణే. ఇలాంటి కట్టుబాట్లను చూసి నవ్వినవాణ్ణే. కానీ పద్నాలుగు నెలలు మంచం మీద ఉన్నవాడికి నవ్వే ఓపిక ఉండదు. కళ్ళు మూసుకుని తాగాను.

మూడు వారాలు తిరిగేసరికి అన్నం వాసన పడలేదు. తాగిన నీళ్ళు కూడా కక్కేవాణ్ణి. ఒళ్ళంతా దురద. మూత్రం పసుపు నీళ్ళలా వచ్చింది. అమ్మతో చెబితే ఆమె ముఖం వెలిగింది.

“మందు పట్టుకునింది నాయనా. లోపల ఉండే చెడంతా బయటికి వస్తాండాది. రోంత ఓర్చుకో.”

మర్నాటి నుంచి పసరు ఇంకో గుక్కెడు పెంచింది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, అది నా విషయంలో సామెత కాదు, జరిగిన సంగతి.

కార్తీక మాసంలో ఒక పొద్దున గడప దగ్గర ఎండలో కూర్చున్నాను. సరోజ సంచీ తీసుకుని బయటికి వస్తూ నా ముఖం చూసి ఆగిపోయింది. దగ్గరికొచ్చి నా కింది రెప్ప కిందికి లాగి చూసింది. సంచీ పోస్టాఫీసులో అప్పగించి పది నిమిషాల్లో తిరిగొచ్చింది.

“లెయ్యి. అనంతపురం పోదాము.”

“మందు మధ్యలో ఆపగూడదు మే!” అని అమ్మ దారికి అడ్డం నిలబడింది.

“కండ్లు చూడత్తా! పసుపు కొమ్ము మాదిరి ఉండాయి.”

అమ్మ చూసింది. ఆమె ముఖంలో రక్తం లేదు. చీర మార్చుకుని మాతో బస్సెక్కింది. బత్తలపల్లెలో బస్సు ఆగినప్పుడు కిటికీలోంచి కక్కుకున్నాను. అమ్మ నా వీపు నిమురుతూనే ఉంది. సరోజ నా చెయ్యి పట్టుకుంది. వాళ్ళిద్దరూ మాత్రం ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.

ఆసుపత్రి బయట జనం కూర్చునే చోట కాలు పెట్టే సందు లేదు. నేను గోడకు ఆనుకుని జారిపోతుంటే, బెంచీ మీద కూర్చున్న, ధర్మవరం నుంచి వచ్చిన ఒక ముస్లిం ఆమె లేచి నిలబడింది. తన పక్కనున్న ఇద్దరినీ లేపింది. “పండుకో అన్నా, సిగ్గుపడొద్దు” అంటూ తన దుప్పటి మడిచి తల కింద పెట్టింది. తను పోయి నేల మీద కూర్చుంది. ఆమెకు మోకాళ్ళ నొప్పులు. లేవాలంటే గోడ పట్టుకోవాలి. మా పిలుపు వచ్చేదాకా మూడు గంటలు ఆమె నేల మీదే ఉంది. పేరు అడగాలని కూడా నాకు తోచలేదు. ఇన్నేళ్ళలో నన్ను చూసి ‘నీకేమి జబ్బు’ అని అడగకుండా చోటిచ్చిన మనిషి ఆమె ఒక్కతే.

నన్ను వార్డులో చేర్చుకున్నారు. నడివయసు డాక్టరు, గట్టిగా మాట్లాడే మనిషి. పొట్ట నొక్కి చూసి, కాగితాలు చూసి, నేరుగా అడిగాడు.

“ఏం పసరు తాగినావు?”

నాకు తెలియదన్నాను. పొద్దున అంబలిలో అమ్మ కలుపుతుందని చెప్పాను. ఆయన అమ్మ వైపు తిరిగాడు. అమ్మ నేల చూసింది.

“చూడమ్మా, నేను నిన్ను తిట్టడానికి అడగడం లేదు. లివరు దెబ్బతినింది. ఏమి తాగినాడో, ఎంత తాగినాడో తెలిస్తే నాకు దోవ తెలుస్తాది. లేకుంటే చీకట్లో తడుముకోవాల. చెప్పు, ఏమాకు?”

అమ్మ పెదవులు బిగించింది. ఆయన సరోజ వైపు చూశాడు. సరోజ కూడా తల దించుకుంది. ఆమెకు తెలియదు కాబోలు అనుకున్నాను. డాక్టరు విసుక్కుంటూ వెళ్ళిపోయాడు.

ఆ పగలంతా అమ్మ నోరు విప్పలేదు. నేను బతిమాలాను. అరవడానికి గొంతు లేక ఏడ్చాను.

“చెప్పమ్మా. నేను చచ్చిపోతా ఉన్నా.”

“చెప్తేనే పోతావు నాయనా. పేరు బయటికి వస్తే మనిషి దక్కడు. నాకు తెల్సు.”

ఇంత మొండితనం ఎక్కడిదని నాకు ఆమె మీద అసహ్యం వేసింది. ఆ మాట రాయక తప్పదు. కన్నతల్లి మీద అసహ్యం. ప్రాణభయం మనిషిని అంత పని చేయిస్తుంది.

రెండో రోజు మధ్యాహ్నానికి నేను పొంతన లేకుండా మాట్లాడడం మొదలుపెట్టానట. ఊర్ల పేర్లు, ఉత్తరాల మీది పేర్లు చదువుతున్నానట. ఆ మాటలు నాకు గుర్తు లేవు. తర్వాత జరిగింది కలలో లాగా గుర్తుంది. డాక్టరు వచ్చాడు. అమ్మ ఆయన ముందు నిలబడి, చీర చెంగు రెండు చేతులతో పట్టుకుని, ఆకు పేరు చెప్పింది. మెల్లగా కాదు, వార్డంతా వినపడేలా చెప్పింది. చెప్పి అక్కడే కూలబడింది.

అప్పుడు సరోజ నోటి మీద చెయ్యి పెట్టుకుంది.

“అత్తా... ఆ ఆకే నేను గూడా పెడతాండా.”

ఉత్తరాలు పంచే ఊళ్ళో ఒక ముసలామె సరోజ కష్టం విని, ఇదే ఆకు ఇచ్చి, పప్పులో కలిపి పెట్టమని, ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకుందట. అమ్మ పొద్దున అంబలిలో, సరోజ మధ్యాహ్నం పప్పులో. ఒకే ఇంట్లో, ఒకే పొయ్యి మీద, ఇద్దరు ఆడవాళ్ళు ఒకరి కంట పడకుండా ఒకరు, నన్ను బతికించుకోవడానికి ఒకే ఆకును రెండింతలు తినిపించారు. నాకు బాగు కావాలని ఉందో లేదో అని ఒకరి మీద ఒకరు నాకు చాడీలు చెప్పింది కూడా వీళ్ళే. నోరు విప్పి ఒక్కసారి మాట్లాడుకుని ఉంటే సగం విషం తప్పేది.

డాక్టరు తిడతాడనుకున్నాను. కాగితం మీద రాసుకుని, “సరే, ఇప్పుడు తెలిసింది కదా. ఏడవొద్దండి” అన్నాడు.

ఇరవై రెండు రోజులు ఆసుపత్రిలో ఉన్నాను. పసుపు మెల్లగా దిగింది. ఆకే కారణమని నూటికి నూరుపాళ్ళు చెప్పలేనని, దాని మీదే ఎక్కువ అనుమానమని డాక్టరు అన్నాడు. ఇంటికి పంపే రోజు నా పాత అలసట గురించి కూడా అడిగాడు. జ్వరం తగ్గిన నాటి నుంచి చెప్పాను. ఆయన మధ్యలో అడ్డు రాలేదు.

“కొంతమందికి జ్వరం పోయినా ఈ అలసట ఏండ్ల తరబడి ఉండిపోతాది. ఎందుకో మాకూ తెలీదు. ఇది సోమరితనం కాదు. ఓపిక ఉన్నప్పుడు గూడా సగమే ఖర్చు పెట్టుకో. ఆకుకూరలు తిను, మంచివే. తెలిసిన ఆకే తిను.”

‘సోమరితనం కాదు’ అన్న మాటకు నేను బిడ్డ మాదిరి ఏడ్చాను. సరోజ ఆ మాట ఇంకోసారి చెప్పమని డాక్టరును అడిగింది, అమ్మకు సరిగ్గా వినపడాలని.

2000 నుంచి మా ఇంట్లో ఒక పద్ధతి వచ్చింది. సరోజ పెట్టిన పద్ధతి. చేను నుంచి ఏ ఆకు వచ్చినా చేటలో పోసి, అందరి ముందూ ఒక్కొక్కటీ పైకెత్తి పేరు చెప్పాలి. ముగ్గురూ గుర్తుపడితేనే అది పొయ్యి మీదికి పోతుంది. ఒక్కరికి అనుమానం ఉన్నా మేకలకు. పురుగుమందు కొట్టిన చేలో ఆకు ఇంటికే రాకూడదు. మొదట్లో అమ్మ గొంతు లేచేది కాదు, గొణిగేది. “గట్టిగా చెప్పత్తా” అని సరోజ నవ్వేది. అలా ఆకుల పేర్లు చెప్పుకుంటూ వాళ్ళిద్దరికీ మాటలు కలిశాయి.

ఇప్పుడు రెండు ఊర్ల ఉత్తరాలు నేను పంచుతాను, మూడు ఊర్లవి సరోజ. వారానికి రెండు రోజులు ఏ పనీ పెట్టుకోను. ఆ గురుగు, పొన్నగంటి నన్ను బాగుచేశాయా అని అడుగుతారు. నాకు తెలియదు. జలుబులు తగ్గాయి. ఆకలి కుదిరింది. ఆకు కోసం రోజూ నాలుగడుగులు నడవడం, పక్కన ఇద్దరు మనుషులు ఉండడం కూడా మందే అయి ఉండొచ్చు. ఇంతకు మించి చెబితే అబద్ధం. ఆ ఇంకో ఆకు పేరు ఇక్కడ రాయకపోవడానికి గుణం పోతుందన్న భయం కారణం కాదు. రాస్తే రేపే ఎవరో ఒకరు పోయి కోసుకొస్తారు. మన సంగతి మనకు తెలియదా? మీకు మాత్రం ఒకటే చెబుతాను. పేరు చెప్పని మందు తాగొద్దు. తాగి ఉంటే డాక్టరు దగ్గర దాచొద్దు.

ఇక ఒక సంగతి మిగిలింది. వార్డులో పేరు చెప్పిన నాటి నుంచి అమ్మ రోజూ సాయంత్రం నన్ను అడిగేది: “ఎట్లుండాది నాయనా, ఇంగా ఉండాదా అలసట?” తను పేరు బయటపెట్టినందుకే నా జబ్బు పూర్తిగా నయం కాకుండా సగంలో నిలిచిపోయిందని ఆమె బాధ. అది నాకు తెలుసు. అందుకే రోజూ “లేదమ్మా, బాగుండా” అనేవాణ్ణి. అలా ఎనిమిదేళ్ళు చెప్పాను.

2007 హస్తలో ఒక సాయంత్రం రెండో ఊరి నుంచి వచ్చి నులక మంచం మీద వాలిపోయాను. చెప్పులు విడిచే ఓపిక కూడా లేదు. అమ్మ చేట ముందు కూర్చుని ఆకు ఏరుతోంది. రోజూ అడిగే మాటే అడిగింది. ఆ పూట అబద్ధం చెప్పే ఓపిక కూడా లేకపోయింది.

“ఉండాదమ్మా. అట్లే ఉండాది. ఎప్పుడూ పోలేదు. అయితే నువ్వు పేరు చెప్పినందుకు కాదు అది. జ్వరం నుంచి వచ్చినది. నువ్వు చెప్పకపోయింటే నేను ఆ మంచం మీదే పోతాంటి. పేరు చెప్తే మనిషి పోవడమనేది లేదమ్మా. ఉత్త మాట అది.”

నా అలసట ఇంకా ఉందని విని ఏడుస్తుందనుకున్నాను. ఆమె ఆకు ఏరడం ఆపింది.

“నిజంగానా?”

“నిజంగా.”

చేతిలోని ఆకును చేటలో పెట్టింది. తర్వాత మెల్లగా అంది.

“మీ నాయనకు కామెర్లు వచ్చినప్పుడు నేనే పసరు తాపుతాంటి. బాయి కాడ ఒకామె ఏమాకు అని అడిగితే, తెలీక పేరు చెప్పేసినా. మర్నాడే పోయినాడు.” తలెత్తి నా వైపు చూసింది. “అయితే ఓబులేసూ, మీ నాయన్ను నేను సంపలేదా?”

ముప్పై మూడేళ్ళుగా ఆమె ఆ మాట ఎవరితోనూ అనలేదు. మొగుణ్ణి చంపుకున్నానని నమ్మిన నోటితోనే, కొడుకు కూడా పోతాడని నమ్ముతూనే, ఆ రోజు వార్డులో పేరు చెప్పింది. అలాంటి మనిషిని నేను మొండిదన్నాను, అసహ్యించుకున్నాను. మంచం దిగి ఆమె పక్కన నేల మీద కూర్చున్నాను.

“లేదమ్మా. నువ్వు సంపలేదు” అన్నాను.

ఆమె మళ్ళీ అడిగింది. మళ్ళీ చెప్పాను. ఆ సాయంత్రం ఎన్నిసార్లు అడిగితే అన్నిసార్లు చెప్పాను.